మేడమీది తీర్పు

"ఇవి గంటపూల కాడలా, ముల్లంగులా?" అన్నాడు కోగా, కియోనో గీసిన లాంతరును వెలుతురుకెత్తి.

కియోనో తల వంచుకుంది. కాగితం కింద సన్నటి వెదురుబద్ద చుట్లు చుట్లుగా ఉంటుంది. ప్రతి చుట్టు దగ్గరా కుంచె గెంతుతుంది. ఆ గెంతు కనబడకుండా ఒక్క ఊపులో కాడ దిగాలి.

"నాదేముంది. ఆవిడకు నచ్చాలి," అంటూ లాంతరు పట్టుకుని మేడ మెట్లెక్కాడు.

యామె ఊళ్లో ఈ లాంతర్ల కొట్టుకు పేరు తెచ్చింది కోగా భార్య కుంచె. బద్ద చుట్టడం, కాగితం అంటించడం కోగా వంతు. పూలు ఆవిడ వంతు. ఆవిడ ఇప్పుడు కుంచె పట్టడం లేదు, మనిషి కావాలి అని కోగా అంటే కియోనో వచ్చింది. పోయినవాళ్లు ఇంటికొచ్చే బోన్ పండుగలోగా ఆవిడకు నచ్చితే పని ఖాయం. లేకపోతే మళ్లీ వదిన పంచన చేరాలి. మొగుణ్ణి వదిలొచ్చిన ఆడదానికి ఆ ఇంట్లో అన్నం ఎలా పెడతారో కియోనోకు తెలుసు. ఆరాలు తీస్తారని ఈ ఊళ్లో ఎవరితోనూ మాట కలపలేదు.

పైన గంట సన్నగా మోగింది. అమ్మగారికి భక్తి ఎక్కువ కాబోలు అనుకుంది. కాసేపటికి కోగా దిగివచ్చాడు.

"నచ్చలేదు."

"ఏమన్నారండీ?"

"ఏమంటుంది? గాలి ఎటు వీస్తోందో పువ్వుకు తెలియాలంటుంది. ఎప్పుడూ అదే మాట."

రోజూ ఇదే వరస. పొద్దున్నే వేడి అన్నం, టీ పళ్లెంలో పెట్టుకుని పైకెళ్లేవాడు. పళ్లెం అలాగే తిరిగొచ్చేది. చల్లారిన అన్నం తనే తినేవాడు.

"ఒక్కసారి వచ్చి అమ్మగారికి దండం పెట్టుకుంటానండీ" అంటే, "ముందు పూలు రానీ," అనేవాడు.

మొహం చూపించకుండా తప్పులు పట్టే ఆ మనిషంటే కియోనోకు మొదట భయం. రానురాను అది కోపమైంది.

ఆ కోపంలోనే పొరపాటు జరిగింది. ఆ ఏడు పోయినవాళ్ల గుమ్మానికి కట్టే లాంతరు తెల్లగా ఉండాలి. మొదటిసారి తిరిగొచ్చే మనిషి ఆ తెలుపు చూసే ఇల్లు పోల్చుకుంటుంది. పూల లాంతర్లు అంతకుముందు ఏళ్లలో పోయినవాళ్లకు. తెల్లవాటిని పక్కకు జరుపుతుంటే, కుంచెలోంచి ఒకదాని అంచున నీలిచుక్క రాలింది.

కోగా మొహం మాడిపోయింది. "చేతులా, చీపురుకట్టలా అవి? దీన్ని ఎవరి గుమ్మానికి కట్టమంటావు?"

దాన్నీ పైకి పట్టుకెళ్లాడు. ఈసారి చాలాసేపు దిగలేదు. దిగినప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఉంచమంది," అన్నాడు గోడవైపు చూస్తూ.

పండుగ ముందురోజుకు కియోనో ఆశ వదిలేసుకుంది. మూట సర్దుకోవాల్సిందే అనుకుంటూ, ఎవరి మెప్పూ తలచుకోకుండా ఒక లాంతరు వేసింది. పూలన్నీ ఒకే పక్కకు వాలాయి.

కోగా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ముల్లంగి మాట రాలేదు. పైకెళ్లాడు. గంట మోగింది. దిగివచ్చి ఆమె చేతిలో ఒక పాత కుంచె పెట్టాడు. బొటనవేలు ఆనేచోట పిడి అరిగి గుంట పడింది.

"ఆవిడది. ఇక నువ్వు వాడు."

ఇన్నాళ్లూ మనసులో తిట్టుకున్నందుకు కియోనోకు సిగ్గేసింది. "ఇప్పుడైనా పైకి రానివ్వండి. ఒక్క మాట చెప్పుకుని వెళ్తాను."

"అక్కర్లేదు. రేపు సాయంత్రం ఆవిడే వస్తుంది. అప్పుడు చెప్పుకో."

మర్నాడు సాయంత్రం కియోనో ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, అమ్మగారికని ద్రాక్షపళ్లు పట్టుకుని వచ్చేసరికి, కోగా స్టూలెక్కి తన గుమ్మానికి నీలిచుక్క పడిన ఆ తెల్ల లాంతరును కడుతున్నాడు.