మాస్టారి చెయ్యి పడాలి

"గట్టిగా నొక్కేశారు మేడమ్. అందుకే బోల్టు మూసుకుంది," అన్నాడు రైఫిల్ తెచ్చిన కాంట్రాక్టరు.

ఆమె రైఫిల్ బోల్టు వెనక్కి లాగింది. తూటా ఆకారంలో ఉన్న, కొలత చూసే ఉక్కు గేజి, తూటా కూర్చునే ఛాంబర్లోంచి జారి బల్ల మీది గుడ్డలో పడింది. తుపాకులు బాగుచేసే ఆ షాపులో ఆమె అప్పటికే గంట నుంచీ ఆ రైఫిల్‌తో కుస్తీ పడుతోంది. ఛాంబరు శుభ్రంగా తుడిచి, బోల్టులోంచి పిన్నూ స్ప్రింగూ ఊడదీసి, ఒక్కో గేజీ పెట్టి చూసింది. మొదటిదాని మీద బోల్టు మూసుకోవాలి, మూసుకుంది. రెండోది వెంట్రుకవాసి పొడవు, దాని మీద మూసుకోకూడదు, మూసుకుంది. ఇంకాస్త పొడవున్న మూడోదాని మీదా మూసుకుంది.

"ఒక్క వేలితోనే తోశానండీ. లోపల అరిగిపోయింది. తూటా వెనక ఖాళీ మిగిలిపోతోంది. కాలిస్తే ఇత్తడి తొడుగు చిరిగి, మంటంతా వెనక్కొచ్చి మొహమ్మీద కొడుతుంది."

"మా అన్నయ్య దీంతో పదేళ్ళు కాల్చాడు. ఆయన మీద ఈగైనా వాలలేదు."

"అరగడానికి ఆ పదేళ్ళు పట్టిందన్నమాట."

"రేపు పోటీలో మా అమ్మాయి దీంతోనే కాల్చాలి మేడమ్. ఇప్పుడు వద్దంటే ఇంటికెళ్ళి దాని మొహం ఎలా చూడను? ఏమీ అనుకోకండి, మాస్టారి చెయ్యి పడాలి. ఆయన వేలు తగిలితే చాలు, రైఫిల్ నోరు విప్పి చెబుతుందంటారు."

ఆమెకి చుర్రుమంది. ఈ మాట వినడం ఇది మొదటిసారి కాదు. కానీ ఆ పిల్లకి పదహారేళ్ళు కూడా ఉండవు. కోపం దిగమింగుకుని వెనకగదిలోకి వెళ్ళింది.

మాస్టారు, అంటే ఆమె భర్త, కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"నేను చెబితే వినడట. మీరొచ్చి చూడాలట."

"నువ్వు చూశావుగా, ఏమంది?"

"మూడోదాని మీద కూడా మూసుకుంది."

"తేలిగ్గానేనా?"

"వెన్నలోకి దిగినట్టు."

ఆయన లేచి చేతులు చాపాడు. ఆమె ఆయన చొక్కా చేతుల గుండీలు విప్పి మోచేతుల దాకా మడతపెట్టింది.

ఇందాకటి నుంచీ కాలు మీద కాలేసుకుని కూర్చున్న కాంట్రాక్టరు, మాస్టారు కనపడగానే చటుక్కున లేచి నిలబడ్డాడు. మాస్టారు బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె మూడో గేజిని ఛాంబర్లో పెట్టి పక్కకి జరిగింది. ఆయన కళ్ళు మూసుకుని, చూపుడువేలొక్కటే బోల్టు పిడికి ఆనించి, మెల్లగా కిందికి తోశాడు.

కాంట్రాక్టరు ముందుకి వంగి చూశాడు. పిడి చివరిదాకా దిగిపోయింది.

"లాభం లేదండీ," అన్నాడు మాస్టారు కళ్ళు తెరిచి. "ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. దీంతో ఇక ఒక్క తూటా కూడా పేల్చకండి."

కాంట్రాక్టరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. "నిన్న సాయంత్రం కూడా కాల్చింది సార్ మా పిల్ల..." అంటూనే ఫోన్ తీశాడు. "అమ్మా, రేపటికి క్లబ్బు వాళ్ళ రైఫిల్ అడుగుదాం... కాదురా, ఇది ముట్టుకోవడానికే వీల్లేదు. మాస్టారు స్వయంగా చూశారు."

రైఫిల్ అక్కడే వదిలేసి వెళ్తూ మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మా పిల్లని కాపాడారు సార్. ఇలాంటి వేళ్ళు కోటికొక్కరికి ఉంటాయి!"

ఆమె వైపు చూడనైనా లేదు.

తలుపు మూసుకున్నాక, ఆమె గేజిలకి నూనె రాసింది. ఆఖరిదాన్ని గుడ్డలో చుడుతూ, "గంటసేపు మొత్తుకున్నా నా మాట నమ్మలేదు," అంది.

"నేను నమ్మానుగా," అన్నాడాయన.

ఆయన వేళ్ళలో స్పర్శ పోయి అప్పటికి ఆరేళ్ళయింది.