స్టెప్నీ లేని ప్రయాణం

“స్టెప్నీ దించితే గానీ గుర్రం పట్టదండీ,” అంది ఇల్లాలు, డిక్కీలోకి తొంగిచూస్తూ.

అది చెక్కగుర్రం. ఎక్కి కూర్చుంటే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దాని మీద కాసేపు ఊగితే తప్ప పాపకు నిద్ర పట్టదు. కారేమో చిన్నది, పాతది. డిక్కీలో సగం, కారు నడిచే గ్యాస్ సిలిండరే మింగేసింది. మిగతా సగంలో స్టెప్నీ కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

“స్టెప్నీ లేకుండా మా బస్సునే గేటు దాటనివ్వను. నేనెలా దాటుతాను?” అన్నాడాయన.

ఆయన బస్సు డిపోలో టైంకీపర్. వీధిలో అందరూ గడియారం గారంటారు. ఆయన డ్యూటీకి బయల్దేరడం చూసి పొయ్యి మీద పాలు పెట్టే ఇళ్లున్నాయి. బస్సు ఒక్క నిమిషం ఆలస్యంగా కదిలినా డ్రైవర్ని నిలదీసి గానీ వదలడు.

“మనం వెళ్లేది మీ చెల్లెలింటికేగా. ఒక్క పూట ప్రయాణం.”

“ఆ ఒక్క పూటలో టైరు పోతే?”

“పోతే పోనివ్వండి,” అనేసి ఇల్లాలు నాలుక కరుచుకుంది.

పాప ఆయన చెల్లెలి కూతురు. పురిట్లోనే చెల్లెలు మంచం పట్టింది. ఇక ఆసుపత్రులే లోకం. పిల్లలు లేని ఈ దంపతులు నెలల గుడ్డును తెచ్చుకుని పెంచారు. పాపకిప్పుడు నాలుగేళ్లు. చెల్లెలు కోలుకుంది. ఈ మధ్యాహ్నం భోజనాల వేళకు బిడ్డను తెచ్చి అప్పగిస్తానని ఆయన మాటిచ్చాడు.

కొన్నాళ్లుగా ఇల్లాలు అడుగుతున్నది ఒకటే. ఇంకొక్క రోజు ఉంచుకుందామని. ఆయన చెబుతున్నదీ ఒకటే. కన్నతల్లి ఇన్నేళ్లు ఎదురుచూసింది, ఇంకో రోజు ఆగమనడానికి మనకు నోరెలా వస్తుందని.

న్యాయమే. ఆడబిడ్డ బాగుపడాలని ఇల్లాలు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. దేవుడు విన్నాడు. కోరిక తీర్చిన దేవుడి ముందు నిలబడి ఏడవడం తప్పో కాదో ఆమెకు తెలియలేదు.

టైంకీపర్ గుర్రం వంక చూశాడు. దాని చెవి ఒకటి పాప కొరికి కొరికి అరిగిపోయి ఉంది. ఏమనుకున్నాడో, వంగి స్టెప్నీని బయటికి లాగి, దొర్లించుకుంటూ వెళ్లి వరండా గోడకు ఆనించాడు.

“ఎక్కించు,” అన్నాడు.

“గడియారం గారూ, స్టెప్నీ లేకుండానే? ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడంటారు?” అన్నాడు పక్కింటి పెద్దాయన, ప్రహరీ మీంచి. ఎవరూ నవ్వలేదు.

దారిలో పాప ప్రశ్నలు ఆపలేదు. అక్కడ మేడ ఉందా, కుక్క ఉందా, అమ్మ కథలు చెబుతుందా. అన్నిటికీ ఆయనే బదులిచ్చాడు.

“మరి అక్కడ అత్త ఎక్కడ పడుకుంటుంది మామయ్యా?”

ఇల్లాలు కిటికీ వైపు తిరిగింది.

సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆగారు. కారును చెట్టు నీడలోకి జరిపి వస్తాను, మీరు వెళ్లి కూర్చోండన్నాడు. వచ్చి టీ తాగాడు. పాప బన్ను తినడం అయ్యాక అందరూ కారు దగ్గరికి వెళ్లారు. వెనక టైరు నేలకు కరుచుకుపోయి ఉంది.

ఇల్లాలు అక్కడే కూలబడింది.

“నేనే దింపించాను. పోతే పోనివ్వండి అన్నాను. నా నోరు మంచిది కాదండీ. అక్కడ మీ చెల్లెలు వాకిట్లోనే నిలబడి ఉంటుంది.”

ఆయన డిక్కీలోంచి గుర్రాన్ని చెట్టు కిందికి దించాడు. పాపను చూసుకోమన్నాడు. పంక్చర్ షాపు ఆ నాలుగు రోడ్ల దగ్గర గానీ లేదని, దూరమేనని టీ కొట్టాయన చెప్పాడు. టైంకీపర్ జాకీ వేసి చక్రం విప్పి, ఎండలో దొర్లించుకుంటూ బయల్దేరాడు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. చెట్టు కింద గుర్రం ఊగుతోంది. పాప పడిపోకుండా ఇల్లాలు వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టి ఉంది. ఆమె నవ్వుతున్నట్టే ఉంది, అంత దూరం నుంచి.

షాపతను చక్రం అందుకోబోతూ అర్జెంటా సార్ అనడిగాడు. కాదు, బల్ల మీద కూర్చున్నవాళ్లవి ముందు చూడమన్నాడు. వాళ్లవి అయ్యాయి. తర్వాత వచ్చినవాళ్లవీ ముందు చూడమన్నాడు. బల్ల మీద కూర్చుని చెల్లెలికి ఫోన్ చేశాడు.

“టైరులో గాలి లేదమ్మా. స్టెప్నీ కూడా తెచ్చుకోలేదు.”

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

“వంటయిపోయింది అన్నయ్యా. పాపకిష్టమని నువ్వు చెప్పినవన్నీ చేశాను.”

ఆయన కళ్లు మూసుకున్నాడు.

“పర్లేదులే. ఇంటికెళ్లిపోయి రేపు రండి. ఇన్నేళ్లు ఆగినదాన్ని, ఒక్క రోజేగా.”

ఏడుపు దాచుకోవడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఫోన్ పెట్టేశాక ఆయన చొక్కా చేతికి ముఖం తుడుచుకుని, చాలాసేపు తలెత్తలేదు.

ఎండ వాలింది. బల్ల మీద ఇంకెవరూ మిగల్లేదు. షాపతను చక్రంలో గాలి నింపి, నీళ్లతొట్టిలో ముంచి చుట్టూ తిప్పాడు. ఒక్క బుడగ లేవలేదు. మళ్లీ తిప్పాడు. తలెత్తి జాలిగా చూశాడు.

“ఇది పంక్చర్ కాదు సార్. ఎవరో కావాలని గాలి తీసేశారు. మీకెవరి మీదైనా అనుమానముందా?”

“నేనే తీశాను.”