లోపలి నట్టు

అన్నాచెల్లెళ్లిద్దరూ ఇంట్లోనే గిటార్ శబ్దాన్ని మార్చే పెడళ్లు తయారుచేసేవాళ్లు. బతికున్నన్నాళ్లూ అన్నయ్య పెడల్ డబ్బాకి కరెంటు అడాప్టర్ గుచ్చే జాక్ పెట్టనివ్వలేదు. "బ్యాటరీ చాలు. జాక్ పెడితే గుయ్యిమని ఒకటే మోత" అని కసిరేవాడు.

పోయాక కూడా ఆ మొండితనం పోలేదు. చెల్లెలు పగలు బిగించిన జాక్ తెల్లారేసరికి ఊడి బల్లమీద ఉండేది. పక్కనే నట్టు.

ఈసారి ఆమె పట్టుబట్టి వేరే రకం కొనుక్కొచ్చింది. పాతదానికి నట్టు డబ్బా బయట ఉంటుంది, ఎవరైనా విప్పొచ్చు. దీనికి నట్టు లోపల. బిగించి, మూతకి నాలుగు స్క్రూలూ వేసి, "ఇప్పుడు విప్పు చూద్దాం" అంది గాల్లోకి. లైటార్పి, ఫ్యాను ఆపి, డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత డబ్బా లోపల్నుంచి కిర్రుమంది. కాసేపాగి మళ్లీ కిర్రుమంది. అన్నయ్యా అంతే, నట్టు విప్పేటప్పుడు చుట్టుచుట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకునేవాడు.

ఆమె మూత తడిమి చూసింది. స్క్రూలన్నీ బిగుసుకునే ఉన్నాయి. లోపల నట్టు ఠంగున రాలింది. జాక్ మెల్లగా బయటికి జరిగింది.

ఆమె బొటనవేలితో దాన్ని వెనక్కి నొక్కింది.

"ఇన్నాళ్లూ నీ మాటే నెగ్గింది అన్నయ్యా. ఈ పెడల్ నేను చేసుకున్నది. ఎంత నెట్టుకుంటావో నెట్టుకో, వేలు తియ్యను."

లోపల్నుంచి ఇంకో బొటనవేలు నెట్టింది.

ఆమె రెండో చెయ్యి కూడా వేసింది.