కన్నవాడి సాక్ష్యం

"చిన్నప్పుడు పిలిస్తే మీ ముఖంలోకి చూసేవాడా?" అని అడిగింది డాక్టర్ సంధ్యారాణి.

"మంచిగ చూసెటోడు మేడం," అన్నాడు కొమురెల్లి.

పక్క కుర్చీలో ఉన్న కొడుకు మొగిలి తలెత్తకుండానే, బాపు అబద్ధం చెప్తున్నాడన్నాడు. డాక్టర్ అతన్ని ఆగమని సైగ చేసి తర్వాతి ప్రశ్నకు పోయింది. మాటలు ఎప్పుడొచ్చాయి? ఏడాదికే వచ్చాయట. తోటి పిల్లలతో ఆడేవాడా? వాడకట్టు పిల్లలంతా వీళ్లింట్లోనే ఉండేవాళ్లట. అబద్ధమంటేనే తడబడతాడని అందరూ అనుకునే ముసలాయన ఆ రోజు మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు.

మొగిలికి ముప్పై ఆరేళ్లు. గోదావరిఖనిలో, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూంలో పని. ఎవరి దీపం నంబరెంతో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. వాళ్ల ముఖాలు మాత్రం చూడడు. ఆ మధ్య పిల్లనిచ్చిన మామ పోయిన రోజున, శవం చుట్టూ అందరూ ఏడుస్తుంటే, తనకు సెకండ్ షిఫ్టు ఉంది, పాడె ఎన్నింటికి లేపుతారని అడిగాడు. భార్య సంతోషి ఆ మాట మింగలేకపోయింది. శ్రీరాంపూర్‌లో తల్లిగారింట్లోనే ఉండిపోయి నాలుగు నెలలైంది. ఇది పుట్టుకతో వచ్చిందని డాక్టర్ రాసిస్తే వస్తానంది. పొగరైతే మాత్రం ఇక రానంది.

ఆదివారం పేపర్లో ఆటిజం గురించి చదివి, అందులో రాసింది తన గురించేనని మొగిలి తేల్చుకున్నాడు. డ్యూటీ లేని రోజు చూసుకుని ఒక్కడే కరీంనగర్ వచ్చాడు. చిన్నతనం దగ్గరుండి చూసినవాళ్లు చెప్తే తప్ప ఇంత వయసులో తేల్చలేనంది డాక్టర్. తల్లి సారవ్వ పోయి తొమ్మిదేళ్లు. ఇక మిగిలింది తండ్రే కాబట్టి, వారం తర్వాత ఆయన్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడు కనిపిస్తున్నవన్నీ సరిపోతున్నాయి మొగిలి. కానీ చిన్నప్పుడు ఏమీ లేదని మీ నాన్నగారే అంటున్నారు. అట్లాంటప్పుడు నేను రాయలేను," అంది.

ఇద్దరూ బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఎందుకు అబద్ధం చెప్పావని మొగిలి అడిగాడు. కోపంగా కాదు, దీపం నంబరు అడిగినట్టే అడిగాడు.

"కాయితం మీద ఎక్కితే నౌకరి పోతది. కంపెనీ సంగతి నీకు తెల్వది," అన్నాడు కొమురెల్లి.

ఆయన భయం వట్టిది కాదు. కార్మికుడు పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే, అతని కొలువు కొడుక్కి వచ్చే కాలం ఒకటుండేది. మొగిలి ఉద్యోగం అట్లా వచ్చిందే. పదమూడేళ్ల కింద కొమురెల్లి నడుం నొప్పితో అన్‌ఫిట్ అయ్యాడు, ఇరవై మూడేళ్ల కొడుకు డ్యూటీ ఎక్కాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇదే.

ఈ కాయితం కంపెనీకి చూపించేది కాదని, సంతోషికి ఒక్కదానికే చూపిస్తానని మొగిలి రెండుసార్లు చెప్పాడు. కొమురెల్లి తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, కోడలి సంగతి పెద్దమనుషుల్లో పెడదాం లెమ్మన్నాడు. జల్ది లేస్తే మూడు గంటల బస్సు దొరుకుతుందన్నాడు. మొగిలి లేవలేదు.

"నాకు ఇంట్ల సప్పుడు లేకుంటే మంచిగుంటది బాపు. నీకు తెలుసు," అన్నాడు నేల చూస్తూ. "కాని ఆమె పోయినంక సప్పుడు లేదు సూడు, అదే మంచిగ లేదు. నాకు ఏడ్వరాదు. ఏడుపు రాకుంటే బాధ లేదనుకుంటున్నరు అందరు."

కొడుకు నోట అన్ని మాటలు ఒక్కసారి వినడం కొమురెల్లికి అదే మొదలు. తువ్వాల భుజాన వేసుకుని లేచి, మొగిలిని రమ్మని, డాక్టర్ గది తలుపు తోశాడు.

ఇందాక చెప్పిందంతా అబద్ధమన్నాడు. మూడేళ్లు నిండేదాకా వీడు నోరు విప్పలేదన్నాడు. గని సైరన్ మోగితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడని, పిల్లలు ఆడుకుంటుంటే దూరంగా కూర్చుని సీసా మూతలు వరస పెట్టుకునేవాడని, ఆ వరస ఎవరైనా చెరిపితే గోడకు తల కొట్టుకునేవాడని చెప్పాడు. డాక్టర్ గబగబా రాసుకుంటోంది. పెద్దయ్యాక ఎట్లా ఉండేవాడని అడిగింది.

కొమురెల్లి లేచి నిలబడ్డాడు. మెడ కుడివైపు కొద్దిగా వంచాడు. చూపు డాక్టర్ చెవి పక్కగా పోనిచ్చి, ఎడమచేతి బొటనవేలితో మిగతా నాలుగు వేళ్లను ఒక్కొక్కటే రుద్దుకుంటూ పోయాడు. పేరేమిటని డాక్టర్ అప్రయత్నంగా అడిగితే, ముందు "పేరేంది" అని తనలో తను అనుకుని, తర్వాత పేరు చెప్పాడు. మొగిలి తన చేతివైపు చూసుకున్నాడు. అక్కడా బొటనవేలు అట్లాగే కదులుతోంది.

డాక్టర్ రాయడం ఆపింది. తన దగ్గరికొచ్చే తండ్రుల్లో చాలామందికి పిల్లవాడు ఎప్పుడు నడిచాడో కూడా గుర్తుండదని, ఆయన ఇంత వివరంగా ఎట్లా గుర్తుపెట్టుకున్నాడని అడిగింది.

కొమురెల్లి కుర్చీలో కూలబడి, కొడుకు వైపు చూడలేక బల్ల వైపు చూశాడు.

"నడుం నొప్పి ఉత్తదే మేడం. ఆర్నెల్లు ఇంట్ల వీన్ని సూసుకుంట నేర్చుకున్న. బోర్డు ముంగట వీని లెక్కనే చేస్తే, నాకు మతి చెడిందని రాసి నా నౌకరి వీనికిచ్చిండ్రు."