లోపలి కొలతలు

"పాపసంకీర్తన పెట్టెలాంటి చుట్టల పెట్టా! ఎవరికండీ ఫాదర్ ఈ పిచ్చి?" ఎలాదియో పెన్సిలు బల్ల మీద పడేశాడు.

చుట్టలు ఎండిపోకుండా దాచే పెట్టెలు చెయ్యడంలో కామహువానీ ఊరు మొత్తానికి ఎలాదియో తర్వాతే ఎవరైనా. వంపు కాళ్ళ ఫ్రెంచి బీరువాలా చెయ్యమన్నవాళ్ళున్నారు. అమ్మమ్మ మంచం చూపించి అలా చెక్కమన్నవాళ్ళున్నారు. ఫాదర్ లోపల కూర్చుని, జాలీ అవతల మోకరించినవాళ్ళ పాపాలు వినే చెక్క గదిని చూసి చెయ్యమన్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

"ఎవరికైతే నీకెందుకు? అచ్చం మన చర్చిలో ఉన్నదానిలాగే కావాలట," అన్నాడు ఫాదర్ అన్సెల్మో.

"దానికి రెండు పక్కలా చెక్క జాలీ. జాలీ పెడితే తేమ నిలవదు. వారం తిరిగేసరికి చుట్టలు పొట్టు పొట్టయిపోతాయి."

"పైన జాలీ చెక్కి, లోపల దేవదారు పలక వెయ్యి. అదీ నేనే చెప్పాలా? గురువారం నాలుగింటికి రా, చర్చి ఖాళీగా ఉంటుంది. లోపల కూర్చుని మరీ కొలుచుకో."

గురువారం ఎలాదియో అందులో ఫాదర్ కూర్చునే అరలోకి దూరి తలుపు దగ్గరికి లాక్కున్నాడు. పాత మహాగని చెక్క. అంత జాలీలోనూ ఒక్క మేకు లేదు. మురిసిపోతూ టేపు తీశాడు. అంతలో జాలీ అవతల ఎవరో మోకరించిన చప్పుడైంది.

"ఫాదర్..." అంది ఆడగొంతు.

నెరేయిదా! అతని భార్య.

'నేనే, ఫాదర్ కాదు' అనబోయాడు. నోరు తెరిచేలోపే ఆమె మొదలుపెట్టేసింది.

"ఆదివారం బస్సుకి ఓల్గీన్ వెళ్ళిపోతున్నా ఫాదర్, మా చెల్లెలి దగ్గరికి. మళ్ళీ రాను. మా ఆయన చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. కొత్త పలక వస్తే చాలు, తట్టి తట్టి, చెవి ఆనించి మరీ వింటాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో నా మాట ఒక్కటైనా అలా విన్న పాపాన పోలేదు."

ఎలాదియో జాలీకి చెవి ఆనించాడు.

"మార్చిలో నా రొమ్ములో గడ్డ తగిలింది. పరీక్షలు చేయించుకున్నా. పదకొండు రోజులు కంటి మీద కునుకు లేదు. భయం లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు, అన్నం వడ్డిస్తూ ఆయనకి అంతా చెప్పాను. చిక్కుడు గింజల్లో ఉప్పు తగ్గిందన్నాడు."

ఆ రోజును గుర్తుచేసుకోవాలని ఎలాదియో ఎంతో ప్రయత్నించాడు. రాలేదు. ఉప్పు సంగతి కూడా గుర్తు రాలేదు.

"ఏదైనా చెప్పండి ఫాదర్."

"ఒక్క... ఒక్క వారం ఆగమ్మా," అన్నాడు గొంతు మార్చి.

ఆమె లేచి వెళ్ళిపోయింది. అతను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఒక్క కొలతా రాసుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర చెంచా కింద పెట్టేశాడు. "నెరేయిదా, ఆ డాక్టరమ్మ ఏమంది? మొదట్నించీ చెప్పు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఇప్పుడా? అన్నం చల్లారిపోతుంది."

"చల్లారనీ."

ఆమె చెప్పింది. మధ్యలో ఒకసారి ఏడ్చింది. అతను కూడా.

ఆదివారం ఓల్గీన్ బస్సు హారన్ కొట్టుకుంటూ వీధిలోంచి వెళ్ళిపోయింది. నెరేయిదా పెరట్లో బట్టలు ఆరేస్తూ చెల్లెలి అత్తగారి ఆగడాలు చెబుతోంది. ఎలాదియో చిత్రిక పక్కన పెట్టి, "అప్పుడు మీ చెల్లెలేమంది?" అని అడుగుతున్నాడు.

మూడు వారాలకు పెట్టె పూర్తయింది. ఫాదర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తేమ నిలుస్తుందా?"

"ఏడాదైనా నిలుస్తుంది. ఇంతకీ ఎవరండీ ఆ చుట్టల రాయుడు? ఒక్కసారి చెయ్యి కలిపి పోతాను."

"చుట్టలా! ఆవిడకి వాసనే పడదు," అని నవ్వాడు ఫాదర్. "నిన్నొక పావుగంట కదలకుండా కూర్చోబెట్టడానికి నెరేయిదాకి ఇంకో దారి దొరకలేదట."