లప్పం లేని బండి

బండ్ల సొట్టలు తీసే ఆ టింకర్‌ని అందరూ 'లప్పం' అనే పిలుస్తారు. ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు, బండ్లు బాగుచేయించుకున్నవాళ్ళు పెట్టింది. సొట్ట ఎంత లోతుగా ఉన్నా అతను సుత్తి ముట్టుకోడు. గుంట పూడ్చే లప్పం గిన్నెడు మెత్తి, పైపైన రుద్ది, రంగు కొట్టి, నవ్వుతూ తాళం చేతిలో పెడతాడు. తొలివానకి రంగూ లప్పమూ కలిసి ఊడిపోతాయి. నవ్వు మాత్రం చెక్కుచెదరదు.

ఒక సాయంత్రం ఓ పాత పికప్ బండిని లారీకి కట్టి లాక్కొచ్చి అతని షెడ్డులో వదిలారు.

"సొట్టలు తీసి మొత్తం రంగు వెయ్యాలట. ఓనరు రేపో మాపో వస్తాడు, ఆయన చెప్పినట్టు చెయ్యి" అని తాళం ఇచ్చి వెళ్ళిపోయాడు లారీ డ్రైవరు.

బండిలో రేకు కంటే తుప్పే ఎక్కువ. లప్పం ప్రాణం లేచొచ్చింది. వెంటనే డబ్బా మూత తీశాడు.

మర్నాడు పొద్దున్నే చంకలో పేపరుతో ఓ పెద్దాయన వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, అప్పుడే మెత్తిన డోరు మీద వేలితో కొట్టి చూశాడు.

"ఏమోయ్, రేకేదీ?"

"లోపలుంది సార్."

"ఉంటే మోగాలిగా? గోకెయ్, మొత్తం గోకెయ్."

గొణుక్కుంటూ గోకాడు. కింద తుప్పు తిని జల్లెడైన రేకు బయటపడింది.

"తుప్పున్నంత మేరా కోసేసి కొత్త రేకు అతుకు" అన్నాడు పెద్దాయన, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఆనాటి నుంచి ఆ కుర్చీ ఆయన సొంతమైపోయింది. రోజూ వచ్చి పేపరు చదువుతూ, చదవని కన్నుతో పని చూసేవాడు. షెడ్డులో రంగులు కలిపేది లప్పం భార్య. ఆవిడే ఆయనకి టీ ఇచ్చేది. మొదటి టీ తాగి, "పంచదార తగ్గించమ్మా" అని ఆమెకీ పని చెప్పాడు.

మడ్గార్డు దగ్గర మరీ ప్రాణం తీశాడు.

"అద్దంలా ఉండాలోయ్. నా మొహం కనబడాలి."

"కనబడుతోంది సార్."

"మొహం సరే, మీసమేదీ? ఇంకాస్త రుద్దు."

సుత్తి అలవాటు లేని అరచేతులు బొబ్బలెక్కాయి. వేరే బేరాలొస్తే ఖాళీ లేదని పంపేశాడు లప్పం. దాచుకున్న డబ్బు తీసి మేలురకం రేకు కొన్నాడు.

"కాస్త అడ్వాన్సు అడగండీ" అంది భార్య.

"అంత పెద్దమనిషిని అడిగితే ఏం బాగుంటుంది?"

"ఇన్నేళ్ళుగా నేను మొత్తుకున్నా సుత్తి పట్టని మనిషి, ఆయన కనుసైగకి పడుతున్నారే!"

"ఓనరు మాట వేదవాక్కే. నీ మాట వింటే నాకేమొచ్చేది?"

"పరువొచ్చేది."

ఆ మాట విననట్టు వెల్డింగు వెలిగించాడు.

పని రంగు దాకా వచ్చింది.

"పాత రంగు తెలుపు సార్. అదే వేసేద్దామా?"

"తెలుపెందుకు, ఆస్పత్రి బండిలా? చిలకపచ్చ కొట్టు."

ఆవిడ కలిపి చూపించింది. "ఇది చిలక కాదమ్మా, బెండకాయ" అన్నాడు పెద్దాయన. మళ్ళీ కలిపింది. అది నాచు అన్నాడు. చివరికి చిలక ఒప్పుకునే పచ్చ వచ్చింది.

ఆరిన బండిని ఎండలోకి తోశారు. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. వంకర లేదు, అతుకు తెలియదు, వెతికినా చిటికెడు లప్పం దొరకదు. తన చేతులతో చేసిన పనిని రెండోసారి చూడాలనిపించడం లప్పానికి బతుకులో అదే మొదలు. భార్య కొంగుతో మడ్గార్డు మీది దుమ్ము తుడిచింది. అదే పెద్ద మెప్పు.

తాళం తుడిచి, రెండు చేతులతో పెద్దాయన ముందు పట్టాడు.

ఆయన తాళం వంక చూడనైనా లేదు. పేపరు చంకలో పెట్టుకుని, బండి చుట్టూ తీరిగ్గా మరోసారి తిరిగొచ్చి, తృప్తిగా తలూపాడు.

"భేష్! ఇంతకీ ఎవరిదోయ్ ఈ బండి?"