ఒకే భాష

ఆరేసిన దుప్పట్ల వెనక కూతురు అనీషా కనిపించకపోయేసరికి కరోలిన్ చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది.

నాలుగేళ్ళ పిల్ల. పిలిస్తే పలకదు. ఇంకా ఒక్క మాటా రాలేదు. గడ్డి పాదాలకి తగిలితే ఏడుస్తుంది. వాక్యూమ్ క్లీనర్ మోగితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరుతుంది.

ఇప్పుడు మాత్రం బట్టలారేసే తీగ కింద, గడ్డి మీద పరిచిన పాత కంబళిపై నింపాదిగా కూర్చుని ఉంది. పక్కన కింది ఫ్లాట్ సరోజ్.

ఫిజీలో భారతీయుల మీద గొడవలయ్యాక కొడుకుతో ఈ వెస్ట్‌మీడ్ ఊరికి వచ్చిన పెద్దావిడ. ఎదురుపడితే తల ఊపుతుంది, అంతే.

ఆమె బట్టల క్లిప్పొకటి అనీషా అరచేతిలో పెట్టి, వంగి ఏదో గొణిగింది. పిల్ల దాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టింది. మళ్ళీ క్లిప్పు, మళ్ళీ గొణుగుడు. అనీషా చెవులు మూసుకోలేదు.

కరోలిన్ మనసు ఆ గొణుగుడు మీదే ఉంది.

ఇంట్లో ఒకే భాష ఉండాలని, రెండైతే పిల్ల తికమకపడుతుందని స్పీచ్ థెరపిస్ట్ గట్టిగా చెప్పింది. ఆ రోజు నుంచి కరోలిన్, భర్త గిడియన్ తమలో తాము కూడా తెలుగు మానేశారు. రాత్రి ప్రార్థన సైతం ఇంగ్లిష్‌లోనే. గుంటూరు నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేస్తే గిడియన్ గొంతు తగ్గించి మాట్లాడేవాడు. వచ్చే ఏడు పిల్లని బళ్ళో వెయ్యాలి. మాట రాకపోతే మామూలు బళ్ళో చేర్చుకుంటారో లేదో.

మధ్యలో ఈవిడ హిందీ ఒకటి.

"ఆంటీ, ప్లీజ్. అనీషాతో మీ లాంగ్వేజ్ వద్దు. ఓన్లీ ఇంగ్లిష్."

సరోజ్ చేతిలోని క్లిప్పు బుట్టలో వేసింది.

"ఓకే బేటీ" అంది.

ఆ తర్వాత ఆమె ఇంగ్లిష్ కూడా మాట్లాడలేదు. పిల్ల తీగ దగ్గరికొస్తే క్లిప్పులిచ్చేది. నోరు మాత్రం విప్పేది కాదు.

చలికాలంలో సరోజ్ నిద్రలోనే పోయింది. కరోలిన్ పూలు పట్టుకెళ్ళి, కొడుకు యోగేంద్రకి గుమ్మంలోనే ఇచ్చి డ్యూటీకి వెళ్ళిపోయింది.

చలి తగ్గాక, సెప్టెంబరులో ఒక శనివారం కరోలిన్ తన నర్సు యూనిఫాంలు ఆరేస్తోంది. అనీషా బుట్టలోంచి క్లిప్పు తీసి, తల్లి చెయ్యి కిందికి లాగి అరచేతిలో పెట్టింది.

"ఇంద."

పిల్ల ఇంకోటి తీసింది.

"ఇంద."

గిడియన్‌ని కేకేసి, నువ్వు నేర్పావా అని అడిగింది. అడిగాక గానీ తను తెలుగులో అడిగినట్టు తెలియలేదు.

"నేనా? అమ్మతో మాట్లాడాలన్నా నీకు భయపడే చస్తున్నానుగా" అన్నాడు.

మరి ఇంకెవరు? ఇద్దరూ కింది ఫ్లాట్ వైపు చూశారు.

యోగేంద్ర తలుపు తీశాడు. కరోలిన్ జరిగింది చెప్పి, ఇంగ్లిష్‌లో అడిగింది.

"మీ హిందీలో కూడా 'ఇంద' అనే మాట ఉందా?"

అతను ఆ మాటని ఒకసారి తనూ పలికి చూసుకున్నాడు.

"అది హిందీ కాదు సిస్టర్. చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి ఫిజీ వెళ్ళిన అమ్మ వాళ్ళ నాయనమ్మ, అమ్మ చిన్నప్పుడు అన్నం ముద్ద చేతిలో పెడుతూ అనేదట. మేమూ తెలుగువాళ్ళమే. అమ్మకి మిగిలిన తెలుగు ఆ ఒక్క మాటే."